పడిపోయిన పిల్లవాడి కోసం ఆగడం తప్పా? బెంగళూరు ప్రైవేటు పాఠశాలలకు ఒక తల్లి బహిరంగ లేఖ

బెంగళూరులోని ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, పీటీ మాస్టర్లకు,

నమస్కారం. వందలమంది పిల్లల్ని రోజంతా సంభాళించడం ఎంత కష్టమో నాకు తెలుసు. పెళ్లికి ముందు నేనూ మదనపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో నాలుగేళ్లు జువాలజీ చెప్పాను. అందుకే మా అబ్బాయి స్కూలుకు మొదటి ఉత్తరం మీ తోటి టీచరుగానే రాశాను. దానికి జవాబు రాలేదు. రెండోదానికి, మూడోదానికీ రాలేదు. నాలుగోది ఇలా అందరి ముందూ పెట్టాల్సి వచ్చింది.

ముందు జరిగిందేమిటో చెబుతాను.

మా అబ్బాయి ఈ నగరంలోని ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. మొన్న డిసెంబరులో స్పోర్ట్స్ డే జరిగింది. వంద మీటర్ల పరుగు. మట్టి గ్రౌండులో సున్నంతో గీతలు గీశారు. నేను తాడుకు ఇవతల మిగతా తల్లిదండ్రులతో పాటు నిలబడి చూస్తున్నాను. మావాడు రెండో స్థానంలో ఉన్నాడు. సగం దూరం దాటాక పక్క గీతలో ఉన్న పిల్లవాడు కాలు మడతపడి బోర్లా పడ్డాడు. మావాడు ఇంకో నాలుగడుగులు ముందుకు పోయి, వెనక్కి తిరిగి చూసి, ఆగిపోయాడు. వెనక్కి వచ్చి ఆ పిల్లవాడి చంకల కింద చేతులు వేసి లేపాడు. మోకాలికి అంటిన మట్టిని తన టీ షర్టు అంచుతో తుడిచాడు. రక్తం చూసి కాస్త భయపడ్డట్టున్నాడు, చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టాడు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, కుంటుకుంటూ, అందరికంటే చివర గీత దాటారు.

తాడు దగ్గరున్న కొందరు చప్పట్లు కొట్టారు. పీటీ సార్‌కు మాత్రం కోపం వచ్చింది. మావాడి హౌస్‌కు, అంటే స్కూల్లో వాడి జట్టుకు, ఐదు పాయింట్లు తగ్గించారు. డైరీలో ఎర్ర ఇంకుతో, పోటీతత్వం లేదు, తల్లిదండ్రులు గమనించాలి అని రాసి పంపారు. అంతటితో అయిపోయి ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. సోమవారం అసెంబ్లీలో ప్రిన్సిపాల్ గారు మావాణ్ణి ముందుకు పిలిచి అందరి ఎదుట నిలబెట్టారు. అప్పుడు అన్న మాటలు మావాడు ఇంటికొచ్చి పొల్లు పోకుండా అప్పజెప్పాడు: "అడవిలో ఒక జంతువు పడిపోతే ఇంకో జంతువు ఆగదు. ఆగితే పులి నోట్లో పడుతుంది. బలమున్నవాడిదే బతుకు. ఇది ప్రకృతి ధర్మం, సైన్సు."

పాయింట్లు పోయినందుకు నాకు బాధ లేదు. పిల్లలకు చెప్పిన ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. జంతువుల గురించి నాలుగేళ్లు పాఠం చెప్పినదాన్ని. అది సైన్సు కాదని నాకు తెలుసు. అది సైన్సు పేరుతో మూడు వందలమంది పిల్లలకు చెప్పిన తప్పు పాఠం. దాన్ని సరిచేయమనే నేను రాసింది.

పులి మాట వచ్చింది కాబట్టి పులి దగ్గరే మొదలుపెడతాను. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్ దేశంలో తాయ్ అని ఒక దట్టమైన అడవి ఉంది. అక్కడ చింపాంజీలున్నాయి, వాటిని వేటాడే చిరుతపులులూ ఉన్నాయి. క్రిస్టోఫ్ బోష్ అనే శాస్త్రవేత్త, ఆయన భార్య హెడ్విగె కలిసి 1979 నుంచి ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఆ చింపాంజీలను గమనించారు. చిరుత పంజా దెబ్బ తిన్న చింపాంజీని మిగతావి ఏం చేస్తాయో వాళ్లు కళ్లారా చూసి రాసిపెట్టారు. వదిలేసి పారిపోవు. చుట్టూ చేరి గాయం మీది రక్తాన్ని నాకుతాయి. మట్టి, చెత్త ఏరి తీసేస్తాయి. ఈగలు వాలకుండా తోలుతాయి. దెబ్బ తిన్నది నడవలేకపోతే దాని కోసం నెమ్మదిగా నడుస్తాయి. 1989లో టీనా అనే ఒక చిన్న ఆడ చింపాంజీని చిరుత చంపేసింది. గుంపులో బ్రూటస్ అనే పెద్ద మగ చింపాంజీ దాని శవం పక్కన గంటల తరబడి కూర్చుంది. పిల్ల చింపాంజీలు దగ్గరికొస్తే తోలేసింది. ఒక్క పిల్లను మాత్రం రానిచ్చింది, అది టీనా తమ్ముడు.

అయ్యా, అది చిరుత తిరిగే అడవి. అక్కడ కూడా ఆగుతున్నాయి.

చింపాంజీనే ఎందుకు తీసుకున్నానంటే, జీవించి ఉన్న జంతువుల్లో మనకు అతి దగ్గరి చుట్టం అదీ, దాని సోదర జాతి బోనోబో. డీఎన్ఏలో దాదాపు 98.8 శాతం మనదీ దానిదీ ఒకటే. మన తెలుగులో దాన్నీ 'కోతి' అనేస్తాం గానీ అది కోతి కాదు, దానికి తోకే ఉండదు. పిల్లల్ని తిట్టడానికి 'కోతి చేష్టలు' అంటాం కదా, ఆ చేష్టలేమిటో కాస్త నిదానంగా చూస్తే బాగుంటుందని నా కోరిక.

దెబ్బలాట అయిపోయాక ఓడిపోయిన చింపాంజీ దగ్గరికి, ఆ గొడవతో సంబంధం లేని మరొకటి వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసి హత్తుకోవడం, ముద్దు పెట్టడం ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్త నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ జూలో గమనించి 1979లో మరో పరిశోధకురాలితో కలిసి ప్రచురించారు. దాన్ని ఓదార్పు అన్నారు. జంతువు విషయంలో ఆ మాట వాడటమేమిటని అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. 2008లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో చేసిన పరిశీలనలో ఇంకో సంగతి తేలింది. చింపాంజీకి టెన్షన్ వస్తే ఒళ్లు తెగ గోక్కుంటుంది. దగ్గరి స్నేహితుడు వచ్చి ఓదార్చాక ఆ గోక్కోవడం తగ్గింది. ఓదార్పు పని చేస్తోందన్నమాట. పడినవాడి భుజం మీద మావాడు వేసిన చెయ్యి కూడా ఇదే పని చేసి ఉంటుంది కదా.

టాంజానియాలోని గోంబేలో 1960 నుంచి చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ గారి పేరు మీ స్కూలు గోడల మీద కూడా ఉండే ఉంటుంది. 1987లో గోంబే చింపాంజీలకు న్యుమోనియా లాంటి జబ్బు పాకింది. మెల్ అనే మూడేళ్ల పిల్లకు తల్లి పోయింది. పాలు మరవని వయసు, పైగా రోగిష్టిది, బతకదనే అందరూ అనుకున్నారు. స్పిండిల్ అనే పన్నెండేళ్ల మగ చింపాంజీ దాన్ని చేరదీసింది. రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. స్పిండిల్ దాన్ని వీపు మీద మోసింది. చలేసినా, భయమేసినా పొట్టకు కరుచుకోనిచ్చింది. రాత్రి తన గూట్లోనే పడుకోనిచ్చింది. చెయ్యి చాపితే తన తిండిలోంచి పెట్టింది. పెద్ద మగ చింపాంజీలు రెచ్చిపోయి కొమ్మలు విరుస్తూ పరుగెత్తేటప్పుడు చిన్నపిల్ల దారికి అడ్డం వస్తే విసిరికొడతాయి. అలాంటప్పుడు స్పిండిల్ అడ్డంపడి మెల్‌ను లాక్కొచ్చేది. ఆ దెబ్బలు తనకు తగులుతాయని తెలిసీ. మెల్ బతికింది.

ఇది ఎక్కడో ఒకసారి జరిగిన విచిత్రమని అనుకోకండి. తాయ్ అడవిలో తల్లి పోయిన పిల్లల్ని ఇతర చింపాంజీలు పెంచుకున్న సందర్భాలు 18 నమోదయ్యాయి. 2010లో వాటిని ప్రచురించారు. సగం పెంపకాలు మగవాటివే. వాటిలో ఒక్కటి మాత్రమే ఆ పిల్లకు అసలు తండ్రి.

ఇప్పుడు మీ వైపు నుంచి వచ్చే ప్రశ్న నాకు తెలుసు. ఇవన్నీ చూసినవాళ్లు చెప్పే కథలు కదా, ప్రయోగం ఏదీ అని. ఉంది. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక చిన్న పరీక్ష పెట్టారు. బట్టలారేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారి కింద పడుతుంది. అందుకోలేక చెయ్యి చాపుతాడు. అంతే, అడగడు, బహుమతి ఇవ్వడు. ఎదురుగా ఉన్నది ఏడాదిన్నర వయసున్న పసిపిల్లలు. 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా ఏదో ఒక సాయం చేశారు. ఇంకా మాటలే సరిగ్గా రాని పిల్లలు. మూడు చిన్న చింపాంజీలకూ ఇదే పరీక్ష పెట్టారు. అవి కూడా కింద పడిన వస్తువు తీసి అందించాయి. అంతకంటే చిక్కు పనుల్లో మాత్రం పిల్లలు చేసినట్టు చేయలేకపోయాయి. మరుసటి ఏడాది ఉగాండాలోని ఎన్‌గాంబా దీవి శరణాలయంలో ఇలాంటి పరీక్షలే చేశారు. ప్రతిఫలం ఉన్నా లేకపోయినా చింపాంజీలు ఒకే తీరుగా సాయం చేశాయి. తోటి చింపాంజీ తలుపు తెరుచుకునేలా మేకు కూడా తప్పించాయి.

నాకు అన్నింటికంటే నచ్చింది జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమమోటో బృందం చేసిన ప్రయోగం, 2012లో వచ్చింది. పక్కపక్కన రెండు గదులు, మధ్యలో అద్దం లాంటి గోడ, దానికి చెయ్యి పట్టేంత కన్నం. ఒక గదిలోని చింపాంజీకి జ్యూస్ కావాలి. ఒక్కోసారి దానికి స్ట్రా అవసరం, ఒక్కోసారి దూరంగా ఉన్న డబ్బాను లాక్కోవడానికి కర్ర అవసరం. ఆ రెండూ పక్క గదిలో ఉన్నాయి, వాటితో పాటు గొట్టం, గొలుసు, తాడు, బ్రష్షు, బెల్టు కూడా ఉన్నాయి. పక్కది కన్నంలోంచి చెయ్యి చాపగానే ఈ చింపాంజీ దాని గదిలోకి చూసి, దానికి ఏది పనికొస్తుందో అదే ఏరి ఇచ్చింది. ఏదో ఒకటి చేతిలో పెట్టి వదిలించుకోలేదు. తర్వాత మధ్య గోడను కనబడకుండా మూసేశారు. అప్పుడు ఏది ఇవ్వాలో వాటికి తెలియలేదు, ఏదో ఒకటి ఇచ్చాయి. అయుము అనే మగ చింపాంజీ మాత్రం లేచి నిలబడి, పైనున్న కన్నంలోంచి తొంగిచూసి, సరైనదే ఇచ్చింది.

ఎదుటివాడికి ఏం కావాలో చూడటానికి లేచి నిలబడటం! సహానుభూతి అనే పెద్ద మాటకు నేను క్లాసులో ఏళ్ల తరబడి ఇచ్చిన అర్థాలన్నింటికంటే ఇదే బాగా అర్థమైంది నాకు.

నిజం సగమే చెబితే నేనూ మీలాగే తప్పు పాఠం చెప్పినదాన్నవుతాను. చింపాంజీలు సాధుజీవులు కావు. గోంబేలోనే 1974 నుంచి 1978 వరకు ఒక గుంపు తన నుంచి విడిపోయిన చిన్న గుంపులోని మగవాటిని ఒక్కొక్కటిగా చంపేసింది. 2005లో జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో, తనకు నష్టం లేకపోయినా పక్కదానికి తిండి అందేలా చూడటం పట్ల చింపాంజీలు ఏ ఆసక్తీ చూపలేదు. 2011లో అమెరికాలో తీరు మార్చి చేసినప్పుడు ఏడు ఆడ చింపాంజీలు తమకు మాత్రమే తిండి వచ్చే టోకెన్ కన్నా పక్కదానికీ తిండి వచ్చే టోకెన్‌నే ఎక్కువగా ఎంచుకున్నాయి. అందులో ఒక సంగతి టీచర్లు గమనించాలి. పక్కది గోల చేసి, నీళ్లు ఉమ్మి, ఒత్తిడి పెట్టినప్పుడు సాయం తగ్గింది. ఊరికే తన ఉనికి గుర్తుచేసినప్పుడు తగ్గలేదు. కాబట్టి అడవిలో కరుణ మాత్రమే ఉందని నేను అనడం లేదు. పోట్లాటా ఉంది, ఆదుకోవడమూ ఉంది. రెండూ ఉన్నచోట ఒకదాన్ని మాత్రమే తీసి 'ఇదే ప్రకృతి ధర్మం' అని పిల్లల నెత్తిన పెట్టడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

ఇంకొక్క మాట. 'బలమున్నవాడిదే బతుకు' అన్నది డార్విన్ మాటగా చెలామణి అవుతోంది. ఇంగ్లీషులో 'సర్వైవల్ ఆఫ్ ది ఫిటెస్ట్' (తగినదే బతుకుతుంది) అనే ఆ పదబంధాన్ని 1864లో పుట్టించింది హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్వవేత్త. డార్విన్ తర్వాత దాన్ని వాడుకున్న మాట నిజమే. కానీ ఆయన ఉద్దేశంలో 'తగినది' అంటే పరిసరాలకు ఇమిడేదని, కండబలం ఉన్నదని కాదు. ఆ డార్వినే 1871లో, ఒకరిపై ఒకరికి సానుభూతి ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉన్న సమూహాలే బాగా వర్ధిల్లుతాయని రాశాడు. ఇది మా డిగ్రీలో చెప్పలేదు, నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. మీ టీచర్లకు తెలియకపోతే వాళ్ల తప్పని నేను అనను.

అసెంబ్లీలో చెప్పిన ఆ నాలుగు మాటల వల్ల ఎవరికి ఏం జరుగుతుందో ఇప్పుడు రాస్తాను. నేను చూసినవే రాస్తాను.

1. మొదటి నష్టం ఆగిన పిల్లవాడికి. మావాడు ఇప్పుడు ఏ పనికైనా ముందు నా మొహం చూస్తున్నాడు. మొన్న లిఫ్టు దగ్గర మూడో అంతస్తు పెద్దాయన చేతిలోంచి టమాటాలు దొర్లిపోయాయి. మావాడు వంగబోయి ఆగాడు. "అమ్మా, తీసివ్వచ్చా?" అని అడిగాడు. ఏడాదిన్నర వయసులో ఎవరినీ అడక్కుండా చేసే పనికి తొమ్మిదేళ్లు వచ్చాక పర్మిషన్ అడుగుతున్నాడు. నాకు ఆ క్షణంలో కడుపులో దేవినట్టయింది.

2. రెండో నష్టం పడిపోయిన పిల్లవాడికి. అతని గురించి మీ స్కూల్లో ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఎక్కువ రాస్తున్నాను. ఆ పిల్లవాడి వాళ్లది రాయచూరు వైపు. నాన్న మా లేఅవుట్‌లోనే ఒక అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్, అమ్మ నాలుగిళ్లలో వంట చేస్తుంది. ఇద్దరి జీతాల్లో పెద్ద భాగం ఆ ఫీజుకే పోతుంది. స్పోర్ట్స్ డే అయిన మర్నాడు సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చింది. గుమ్మం లోపలికి రమ్మంటే రాలేదు. స్టీలు డబ్బాలో జొన్నరొట్టెలు, శనగ చట్నీ పొడి తెచ్చింది. "అక్కా, మావాడు పడ్డందుకు మీవాడికి మార్కులు పోయాయంట, క్షమించండి" అంది, వచ్చీరాని తెలుగులో. నేను ఏం చెప్పాలో తోచక డబ్బా పట్టుకుని నిలబడిపోయాను. దెబ్బ తగిలింది ఆమె కొడుక్కి, క్షమాపణ చెప్పుకుంటోంది ఆమె. ఆ పిల్లవాడు ఈసారి ఏ ఆటకూ పేరు ఇవ్వలేదట. తాను పడితే ఇంకొకరికి నష్టమని అతనికి అర్థమైంది. మీ స్కూలు అతనికి నేర్పిన పాఠం ఇది.

3. మూడోది రోడ్డు మీద తేలుతుంది. ఈ నగరంలో టిన్ ఫ్యాక్టరీ కూడలిలోనో సిల్క్ బోర్డు కూడలిలోనో బండి జారి మనిషి పడితే ఎన్ని బళ్లు పక్కనుంచి పోతాయో మనందరికీ తెలుసు. ఆగినవాళ్లను కోర్టుల చుట్టూ తిప్పకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో వాళ్ల రక్షణకే 134ఎ సెక్షన్ చేర్చారు. కర్ణాటకకు ఇదే విషయం మీద సొంత చట్టం కూడా ఉంది. పడిన మనిషి కోసం ఆగండి, మీకు ఏమీ కాదు అని చెప్పడానికి దేశం ఇన్ని చట్టాలు చేసుకుంటోంది. అదే దేశంలో ఒక స్కూలు, ఆగిన పిల్లవాడికి పాయింట్లు కోస్తోంది. ఇక్కడ చింపాంజీల మాట మళ్లీ గుర్తొస్తుంది. గినీలోని బోసూ అనే చోట చింపాంజీల దారికి అడ్డంగా రోడ్డు పడింది. అవి ఎలా దాటుతాయో గమనించి 2006లో రాశారు: పెద్ద మగవి ముందొకటి వెనకొకటి కాపలా ఉంటాయి, పిల్లలూ తల్లులూ మధ్యలో దాటుతారు. మా ఇంటి ముందు రోడ్డు దాటేటప్పుడు పిల్లలకు ఇదే చెబుతాను.

4. ఇళ్లలో ముసలివాళ్లున్నారు. పడితే లేపాల్సినవాళ్లు ఈ పిల్లలే.

5. చదువులోనూ నష్టమే. రేపు ఇదే పిల్లవాడు పెద్ద క్లాసులో పరిణామం పాఠానికి వచ్చేసరికి, జంతువులంటే ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పోయేవే అని బుర్రలో పాతుకుపోయి ఉంటుంది. దాన్ని తీసేయడం ఎంత కష్టమో నాలుగేళ్లు ప్రయత్నించినదాన్ని నేను. ఇంటర్ ఫస్టియర్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆ మాటే చెప్పేవాళ్లు.

ఈ విషయంలో మా తల్లిదండ్రుల తప్పు లేదని అనను. గేటు దగ్గర పిల్లలు బయటికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్నో ప్లేసు?" మీ మీద ఒత్తిడి తెచ్చేది మేమే. అయినా అసెంబ్లీలో మైకు ఉన్నది మీ చేతిలో. పిల్లలు ఇంట్లో అమ్మ మాట కన్నా మైకులో వచ్చిన మాటను నమ్ముతారు.

చట్టం కూడా మీకు తెలిసిందే. పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. బిడ్డకు భయం, ఆందోళన లేని చదువు ఉండాలని 29వ సెక్షన్ చెబుతోంది. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి సాయం చేసినందుకు మూడు వందలమంది ముందు నిలబెట్టడం ఏ లెక్కలోకి వస్తుందో మీరే ఆలోచించండి. 2020 జాతీయ విద్యా విధానం చదువు లక్ష్యాలు చెబుతూ కరుణ, సహానుభూతి ఉన్న మనుషులను తయారుచేయాలని రాసింది. మీ వెబ్‌సైట్ల మీద, బ్రోచర్ల మీద ఆ విధానం పేరు పెద్దక్షరాల్లో ఉంది.

ఇక నా డిమాండ్లు. అన్నీ రేపటి నుంచే చేయగలిగినవి, ఖర్చు లేనివి.

1. ప్రైమరీ తరగతుల ఆటల్లో, పడినవాడి కోసం ఆగిన పిల్లవాడికి పాయింట్లు, గ్రేడు, అవకాశం ఏదీ తగ్గించకూడదు. ఈ మాట స్పోర్ట్స్ డే నియమాల కాగితంలో రాతపూర్వకంగా ఉండాలి. పోటీలు మానేయమని అడగడం లేదు. పరుగు పందెం పిల్లలకు కావాలి, గెలిచినవాడికి కప్పూ ఇవ్వండి.

2. సాయం చేసినవాడికి మెడల్ పెట్టకండి. ఈ డిమాండ్ చూసి మీకు ఆశ్చర్యం కలగొచ్చు. నేను రాసిన మూడో ఉత్తరం తర్వాత ఒక టీచరు ఫోన్ చేసి, వచ్చే ఏడు 'బెస్ట్ హెల్పర్' కప్పు పెడతాం, సరేనా అన్నారు. ఆమె మంచి మనసుతోనే అన్నారు. కానీ 2008లో అదే వార్నెకెన్, టోమసెల్లో ఇరవై నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో, సాయానికి బొమ్మ బహుమతిగా అందుకున్న పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. ఏమీ ఇవ్వని పిల్లలు, ఊరికే మెచ్చుకున్న పిల్లలు తగ్గించలేదు. లోపలి నుంచి వచ్చేదానికి కప్పు పెడితే పిల్లవాడు కప్పు కోసం చూస్తాడు. దానికి అడ్డం రాకపోతే చాలు.

3. 'ప్రకృతి ధర్మం' పేరుతో చెప్పిన ఆ మాటను అదే అసెంబ్లీలో, అదే మైకులో సరిచేయాలి. మెల్, స్పిండిల్ కథ చెప్పండి. అయుము తొంగిచూసిన సంగతి చెప్పండి. గోంబేలో జరిగిన చంపుకోవడం గురించి కూడా పెద్ద తరగతులకు దాచకుండా చెప్పండి. పిల్లలు రెండూ తట్టుకోగలరు. నన్ను పిలిస్తే ఏ శనివారమైనా వచ్చి ఉచితంగా చెబుతాను, తెలుగులోనో ఇంగ్లీషులోనో. కన్నడంలో మాట్లాడగలను గానీ పాఠం చెప్పేంత రాదు, దానికి మీ టీచరు సాయం కావాలి.

4. పడినవాణ్ణి ఎలా లేపాలి, ఎప్పుడు లేపకూడదు, రక్తం కారుతుంటే ఏం చేయాలి, పెద్దవాళ్లను ఎలా పిలవాలి, 108కి, 112కి ఫోన్ చేసి ఏం చెప్పాలి అన్నది నాలుగో తరగతి నుంచి ఏడాదికి ఒక్క పీరియడ్ అయినా నేర్పండి. ఆగాలనే మనసు పిల్లలకు ఉంది. మావాడు ఆ రోజు రక్తం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నది ఏం చేయాలో తెలియకే.

5. తల్లిదండ్రులు రాసిన ఉత్తరానికి పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అవును అనో కాదు అనో. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేను ఇచ్చిన ఉత్తరాల కాపీలు ఆఫీసు ముద్రతో నా దగ్గరున్నాయి.

6. పడిపోయిన పిల్లవాడి తల్లిదండ్రులను పిలిపించి, జరిగినదానిలో వాళ్ల తప్పేమీ లేదని వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పండి. ఇది అన్నింటికంటే ముందు చేయాలి. ఆ పిల్లవాడి పేరు మళ్లీ ఆటల జాబితాలో చేర్చండి.

మా అబ్బాయి డైరీ ఇప్పటికీ అదే. ఎర్ర ఇంకుతో రాసిన ఆ పేజీని వాడు రబ్బర్ బ్యాండ్ వేసి మూసి ఉంచాడు, రోజూ ఆ పేజీ దాటి రాస్తున్నాడు. వచ్చే నెల మొదటి శనివారం పేరెంట్స్ మీటింగ్‌కు ఆ డైరీ తీసుకుని వస్తాను. ఆ వాక్యం కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టండి. వాణ్ణి కూడా వెంట తీసుకొస్తాను, వాడి ఎదుటే పెట్టండి.

ఇట్లు,
నాలుగో తరగతి పిల్లవాడి తల్లి
హోరమావు, బెంగళూరు